ఆఫీసు కంప్యూటరులో రిమోట్ యాక్సెస్ ట్రోజన్: మరో యాంటీవైరస్ వేస్తే సరిపోతుందా?

ప్రశ్న: విశాఖపట్నం ద్వారకానగర్‌లో మాకు అకౌంట్లు, పన్ను రిటర్నులు చూసే చిన్న ఆఫీసు ఉంది. నాలుగు కంప్యూటర్లున్నాయి. కిందటి నెలలో జీఎస్టీ నోటీసు అంటూ వచ్చిన మెయిల్‌లోని జిప్ ఫైలును మా ఉద్యోగి తెరిచాడు. అందులో ఏమీ కనిపించకపోవడంతో వదిలేశాం. ఆ తరువాత సాయంత్రం వేళల్లో మౌస్ దానంతట అదే కదలడం, ఎవరూ తాకకుండానే బ్రౌజరు తెరుచుకోవడం చూశాం. యాంటీవైరస్ ఏమీ లేదంటోంది. మా కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి ఇది రిమోట్ యాక్సెస్ ట్రోజన్ (ఎవరో దూరం నుంచి మన కంప్యూటరును నడిపించడానికి దొంగచాటుగా చేర్చే ప్రోగ్రాము) కావచ్చని, ఇంకో యాంటీవైరస్ వేస్తే పోతుందని అంటున్నాడు. క్లయింట్ల పాస్‌వర్డులన్నీ అదే కంప్యూటరులో ఒక ఎక్సెల్ షీటులో ఉన్నాయి. మాలాంటి చిన్న ఆఫీసుతో ఎవరికి పని? ఫార్మాట్ చేయించాలా? క్లయింట్లకు చెప్పాలా? మా అమ్మాయి ఆన్‌లైన్ పాఠాలు వినే ల్యాప్‌టాప్‌ను కూడా అప్పుడప్పుడు ఆఫీసుకు తెస్తుంటాను. దాని కెమెరా గురించి కూడా భయంగా ఉంది.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మిగతాది చదివే ముందు ఆ కంప్యూటరుకున్న నెట్‌వర్క్ కేబుల్ తీసేయండి, వైఫై ఉంటే ఆపేయండి, రిటర్నుల మీద ఎలక్ట్రానిక్ సంతకం చేయడానికి వాడే పెన్‌డ్రైవులాంటి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ దానికి పెట్టి ఉంటే ఊడదీసి బీరువాలో పెట్టండి. ఇంటర్నెట్ తెగిన క్షణం నుంచి అవతలి వ్యక్తికి ఆ యంత్రం మీద పట్టు పోతుంది. ఆ తరువాత చేయవలసినవన్నీ నిదానంగా, ఒక క్రమంలో చేసుకోవచ్చు. ఈలోగా ఆ కంప్యూటరులో బ్యాంకు సైటుకు గాని, మెయిల్‌కు గాని లాగిన్ కాకండి. పాస్‌వర్డులు మార్చడం కూడా దాని మీద చేయకండి, ఎందుకంటే కొత్త పాస్‌వర్డు కూడా అక్కడే నమోదై, మళ్ళీ ఇంటర్నెట్ కలిసిన వెంటనే అవతలికి చేరుతుంది.

నిర్ధారణకు వచ్చే ముందు ఒక విషయం చూసుకోవాలి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేరు సర్వీసు కోసం దూరం నుంచి పనిచేసే సాంకేతిక నిపుణులు ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, అల్ట్రావ్యూయర్ వంటి ప్రోగ్రాములను వేయించి, పని అయిపోయాక అలాగే వదిలేయడం మన ఆఫీసుల్లో సర్వసాధారణం. వాటిలో మనిషి ఎదురుగా లేకపోయినా పాస్‌వర్డుతో లోపలికి రాగల సదుపాయం ఉంటుంది. ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల జాబితాలో అలాంటిది కనిపిస్తే, ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో ఆరా తీయండి. మీరు వేయించినది కాకపోతే దానిని కూడా చొరబాటుగానే పరిగణించాలి. నేరగాళ్ళు ట్రోజన్‌కు బదులు ఈ చట్టబద్ధమైన సాధనాలనే వాడుకోవడం ఇప్పుడు బాగా పెరిగింది. అయితే మీ విషయంలో జిప్ ఫైలు తెరవడం, ఏమీ కనిపించకపోవడం, ఆ తరువాత మౌస్ కదలడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి కనుక, ట్రోజన్ ఉన్నదనుకొనే ముందుకు సాగడం క్షేమం.

రిమోట్ యాక్సెస్ ట్రోజన్ పనిచేసే తీరు తెలిస్తే, తీసుకోవలసిన జాగ్రత్తలు ఎందుకు అవసరమో కూడా తెలుస్తుంది. నోటీసుగానో, బిల్లుగానో, ఉచిత సాఫ్ట్‌వేరుగానో కనిపించే ఫైలును మనం నొక్కగానే అది చప్పుడు చేయకుండా తనను తాను ఒక మూల దాచుకుంటుంది. కంప్యూటరు ఆన్ చేసిన ప్రతిసారీ మళ్ళీ మొదలయ్యేలా విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీలోనో, స్టార్టప్ ఫోల్డరులోనో, టాస్క్ షెడ్యూలరులోనో ఒక నమోదు చేసుకుంటుంది. తరువాత తనను నడిపించే వ్యక్తి సర్వరుకు తానే కనెక్షన్ కలుపుతుంది. అసలు మర్మం ఇక్కడే ఉంది. బయటి నుంచి లోపలికి వచ్చే కనెక్షన్లను రౌటరు, ఫైర్‌వాల్ చాలావరకు ఆపేస్తాయి కాని, లోపలి నుంచి బయటికి వెళ్ళే కనెక్షన్‌ను మామూలు వెబ్‌సైటు చూడడంగానే భావించి పోనిస్తాయి. వీధి తలుపుకు ఎన్ని గడియలు వేసుకున్నా, ఇంట్లోని మనిషే పెరటి తలుపు తీసి పిలిస్తే దొంగకు అడ్డేముంటుంది? అలా దారి ఏర్పడ్డాక అవతలి వ్యక్తి మీ తెరను చూడగలడు, మీరు నొక్కే ప్రతి అక్షరాన్నీ నమోదు చేయగలడు, ఫైళ్ళు తీసుకోగలడు, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులను బయటికి లాగగలడు, కెమెరా, మైక్రోఫోన్ ఆన్ చేయగలడు. మీరు ఏ అకౌంటుతో కంప్యూటరు వాడుతున్నారో, ఆ అకౌంటుకున్న అధికారాలన్నీ అతనికీ దక్కుతాయి.

మీలాంటి చిన్న ఆఫీసుతో ఎవరికి పని అని అడిగారు. అతనికి మీ ఆఫీసు పేరు కూడా తెలిసి ఉండకపోవచ్చు. 1998లో బ్యాక్ ఓరిఫిస్ అనే ప్రోగ్రాము బయటికి వచ్చిన నాటి నుంచి ఇలాంటి సాధనాలు ఎవరికైనా దొరుకుతూనే ఉన్నాయి. బ్లాక్‌షేడ్స్ అనే దానిని 40 డాలర్లకు అమ్మేవారు. 2014 మే నెలలో అనేక దేశాల పోలీసులు కలిసి దాని ముఠాను పట్టుకునేనాటికి ప్రపంచవ్యాప్తంగా 5 లక్షలకు పైగా కంప్యూటర్లలో అది చేరిందని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ప్రకటించింది. ఇమినెంట్ మానిటర్ అనే మరొక దానిని 25 డాలర్లకే శాశ్వత లైసెన్సుతో అమ్మారు. 2019లో దానిని మూయించినప్పుడు 124 దేశాలలో 14,500 మందికి పైగా కొన్నారని యూరోపోల్ వెల్లడించింది. ఇలాంటి సాధనాన్ని కొన్నవాడు వేలమందికి ఒకే నోటీసు మెయిల్ పంపి, ఎవరు తెరిస్తే వారి యంత్రంలో ఏముందో తీరిగ్గా వెతుక్కుంటాడు. అలా వెతికినప్పుడు పన్నుల ఆఫీసు కంప్యూటరు దొరికితే అది అతనికి పెద్ద లాభమే. మీ ఒక్కరి వివరాలతో పాటు మీ క్లయింట్లందరి పాన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, పోర్టల్ పాస్‌వర్డులు ఒకేచోట దొరుకుతాయి.

ఇక యాంటీవైరస్ విషయం. అది ఏమీ లేదని చెప్పినంత మాత్రాన ఏమీ లేదని కాదు. ట్రోజన్‌ను పంపేముందు దాని రూపాన్ని మార్చే సాధనాలతో చుట్టి, పేరున్న యాంటీవైరస్‌లు ఏవీ పట్టుకోలేదని పరీక్షించుకున్నాకే పంపేవారున్నారు. ఒకసారి అడ్మినిస్ట్రేటర్ అధికారంతో లోపలికి చేరాక అది యాంటీవైరస్‌కే మినహాయింపులు రాయగలదు, మరో రెండు మూడు ప్రోగ్రాములను తెచ్చి వేర్వేరు చోట్ల దాచగలదు. కొత్త యాంటీవైరస్ వాటిలో ఒకదానిని పట్టుకుని తీసేస్తే, మిగిలినవి ఉన్నాయో లేదో చెప్పేవారెవరూ ఉండరు. అందువల్ల ఇంకో యాంటీవైరస్ వేస్తే చాలన్న సలహాను నేను అంగీకరించలేను. క్లయింట్ల ఆర్థిక వివరాలుండే యంత్రాన్ని పూర్తిగా తుడిచి, విండోస్‌ను మొదటి నుంచి వేయించవలసిందే.

అయితే ఫార్మాట్ చేస్తే పోలీసులకు ఉపయోగపడే ఆధారాలు కూడా పోతాయి. కనుక ఆ కంప్యూటరులోని పాత డిస్కును తీయించి, తేదీ రాసిన కవరులో భద్రపరచి, దాని స్థానంలో కొత్త ఎస్‌ఎస్‌డీ డిస్కు వేయించండి. మీ పని ఆగదు, ఆధారమూ మిగులుతుంది. ఆ జిప్ ఫైలు వచ్చిన మెయిల్‌ను తొలగించకండి. విండోస్ వేసే పెన్‌డ్రైవును మరొక శుభ్రమైన కంప్యూటరులో, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఉచితంగా దొరికే మీడియా క్రియేషన్ టూల్‌తో తయారు చేయించాలి. అందుకు 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. పాత డిస్కు నుంచి లెక్కల డేటా, పీడీఎఫ్‌లు, ఎక్సెల్ షీట్లు మాత్రమే తెచ్చుకోండి. ప్రోగ్రాముల ఇన్‌స్టాలర్లను, షార్ట్‌కట్‌లను, ఎక్కడిదో తెలియని జిప్ ఫైళ్ళను తేకండి. మిగతా మూడు కంప్యూటర్లలో విండోస్ సెక్యూరిటీలో ఉండే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. అది విండోస్ పూర్తిగా లేవకముందే పనిచేస్తుంది కనుక, దాక్కున్న ప్రోగ్రాము అడ్డుపడే అవకాశం తక్కువ. సుమారు 15 నిమిషాలు పడుతుంది. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా ఉచిత శుభ్రపరిచే సాధనాలను అందిస్తోంది. ఆ మూడింటిలో దేనిలోనైనా ట్రోజన్ దొరికితే దానికీ ఇదే వైద్యం చేయాలి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టినది ఆ ఎక్సెల్ షీటు. అందులో ఉన్న ప్రతి పాస్‌వర్డూ పరాయివాడి చేతికి చేరిందనుకునే మీరు పనిచేయాలి. శుభ్రమైన మరొక కంప్యూటరు నుంచి ముందుగా మీ మెయిల్ పాస్‌వర్డు మార్చండి, ఎందుకంటే మిగతా ఖాతాల పాస్‌వర్డులు మార్చే లింకులు చాలావరకు దానికే వస్తాయి. పాస్‌వర్డు మార్చి ఊరుకోకుండా, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేసే అవకాశాన్ని కూడా వాడండి. మీరు లాగిన్ అయి ఉన్నారని సైటుకు గుర్తుచేసేందుకు బ్రౌజరు దాచుకునే చిన్న ఫైళ్ళను, అంటే లాగిన్ కుకీలను, దొంగిలించినవాడికి కొన్నిచోట్ల పాస్‌వర్డు తెలియకపోయినా లోపల ఉండడం సాధ్యమే. మీకు వచ్చే మెయిళ్ళను వేరే చిరునామాకు పంపే ఫార్వర్డింగ్ నియమం ఏదైనా మీకు తెలియకుండా పెట్టి ఉందేమో చూడండి. ఆ తరువాత బ్యాంకులు, ఆదాయపు పన్ను పోర్టల్, జీఎస్టీ పోర్టల్ వరుసగా మార్చుకుంటూ వెళ్ళండి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఈ-ఫైలింగ్ వాల్ట్ అనే సదుపాయం ఉంది. దానిని ఆన్ చేస్తే పాస్‌వర్డు తెలిసినంత మాత్రాన లాగిన్ కావడం కుదరదు, ఆధార్ ఓటీపీయో, నెట్ బ్యాంకింగో, డిజిటల్ సిగ్నేచరో కూడా కావాలి. క్లయింట్లందరికీ దీనిని పెట్టించడం శ్రమే అయినా, ఈ నెలలో మీరు చేయగల పనుల్లో ఇంతకు మించినది లేదు. ఒక్కో ఖాతాలో రిఫండు కోసం ఇచ్చిన బ్యాంకు ఖాతా, మొబైల్ నంబరు, మెయిల్ మారాయేమో, మీరు వేయని రిటర్నులు గాని రిఫండు దరఖాస్తులు గాని ఉన్నాయేమో చూడండి. ఇకమీదట పాస్‌వర్డులను ఎక్సెల్‌లో గాని బ్రౌజరులో గాని దాచవద్దు, పాస్‌వర్డులను తాళం వేసి దాచే పాస్‌వర్డ్ మేనేజరు ప్రోగ్రామును విడిగా వాడండి.

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గురించి చాలామంది అకౌంటెంట్లకు ఒక అపోహ ఉంది. టోకెన్‌లో ఉండి సంతకం చేసే రహస్య సంకేతాన్ని, అంటే ప్రైవేట్ కీని, బయటికి కాపీ చేయలేరన్నది నిజమే. కాని రోజంతా కంప్యూటరుకే తగిలించి ఉంచితే, పిన్ నంబరును కీలాగర్‌తో (నొక్కిన అక్షరాలను నమోదు చేసే ప్రోగ్రాముతో) పట్టుకున్నవాడు మీ కంప్యూటరు మీదే కూర్చున్నట్లుగా మీ పేరుతో సంతకం చేయగలడు. కాపీ చేయవలసిన అవసరమే అతనికి ఉండదు. శుభ్రమైన యంత్రంలో పిన్ మార్చండి. టోకెన్ ఈ నెలంతా ఆ కంప్యూటరుకే ఉండిపోయి ఉంటే, దానిని జారీచేసిన సంస్థతో మాట్లాడి ఆ సర్టిఫికెట్‌ను రద్దుచేయించి కొత్తది తీసుకోవడం మంచిది. సంతకం చేసే నిమిషంలో పెట్టి, అయిన వెంటనే తీసే అలవాటు ఇకనుంచి ఆఫీసులో అందరికీ ఉండాలి.

క్లయింట్లకు చెప్పాలా అన్నదానికి నా సమాధానం ఒక్కటే: చెప్పాలి, వెంటనే చెప్పాలి. వారి ఖాతాల్లో ఏదైనా మార్పు జరిగిందో లేదో గమనించగలిగేది ముఖ్యంగా వారే. ఏ రోజు ఫైలు తెరిచారు, ఏ వివరాలు ఆ యంత్రంలో ఉన్నాయి, మీరు ఏ చర్యలు తీసుకున్నారు, వారు ఏ పాస్‌వర్డులు మార్చుకోవాలి అన్నది సూటిగా రాసి పంపండి. కొందరు కోపగించుకోవచ్చు. కాని డబ్బు పోయాక తెలిసినవారి కోపంతో పోలిస్తే అది ఏపాటిది?

ఫిర్యాదు చేయడానికి వెనుకాడకండి. విశాఖపట్నంలో ప్రత్యేకంగా సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ ఉంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. ఏ ఖాతా నుంచైనా డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, ఆ వెంటనే బ్యాంకుకు తెలపాలి. ఇక్కడ గంటల లెక్కే ముఖ్యం. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీచేసిన సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాని మోసాన్ని, లావాదేవీ సమాచారం అందిన మూడు పనిదినాలలోగా తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండదు. నిర్లక్ష్యం ఖాతాదారుదే అయితే, తెలియజేసే వరకు జరిగిన నష్టం ఖాతాదారే భరించాలి. ఇతరుల కంప్యూటరులోకి అనుమతి లేకుండా చొరబడడం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా విధించదగిన నేరం.

ఇది మళ్ళీ జరగకుండా ఏం చేయాలన్నది మీరు అడగలేదు గాని, కొత్తగా విండోస్ వేయించే రోజే చేసుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ అకౌంటు వాడకండి. ప్రతి ఉద్యోగికీ స్టాండర్డ్ యూజర్ అకౌంటు ఇచ్చి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోండి. ట్రోజన్ పొరపాటున నడిచినా దాని చేతులు చాలావరకు కట్టివేయబడతాయి. విండోస్ ఫైలు పేరు చివరి భాగాన్ని మామూలుగా దాచిపెడుతుంది; అందువల్ల నోటీసు డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ అనే ఫైలు చూసేవారికి నోటీసు డాట్ పీడీఎఫ్‌గానే కనిపిస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరరులో ఆ భాగం కనిపించేలా ఒకసారి మార్చితే ఈ మాయ బయటపడుతుంది. 2022 నుంచి మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్ళలోని మాక్రోలను (ఫైలులోనే దాగి తమంతట తాము నడిచే ఆదేశాలను) ఆపేస్తోంది. దాంతో నేరగాళ్ళు జిప్, ఐఎస్ఓ (డిస్కు నకలు), షార్ట్‌కట్ ఫైళ్ళ వైపు మళ్ళారు. మీరు మనిషేనని నిరూపించుకోండి అంటూ విండోస్, ఆర్ మీటలు కలిపి నొక్కి ఏదో అతికించి ఎంటర్ కొట్టమనే వెబ్ పేజీలు కూడా ఇప్పుడు కనిపిస్తున్నాయి. ఏ నిజమైన సైటూ అలా అడగదని మీ ఉద్యోగులకు గట్టిగా చెప్పండి.

నోటీసు నిజమైనదో కాదో తేల్చుకోవడానికి మెయిల్‌లోని ఫైలును తెరవవలసిన పనే లేదు. జీఎస్టీ నోటీసులు పోర్టల్‌లో లాగిన్ అయ్యాక నోటీసులు, ఆర్డర్లు చూపే పేజీలో ఉంటాయి. ఆదాయపు పన్ను శాఖ 2019 అక్టోబరు 1 నుంచి, జీఎస్టీ చూసే కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు అదే ఏడాది నవంబరు 8 నుంచి తమ ఉత్తర్వుల మీద డిన్ అనే గుర్తింపు సంఖ్యను ముద్రిస్తున్నాయి. దానిని ఆయా సైట్లలో సరిచూసుకోవచ్చు. నోటీసు అనగానే గాభరాపడే మనస్తత్వం మీదే ఈ మోసం ఆధారపడి ఉంది కనుక, నోటీసు ఏదైనా ముందు పోర్టల్‌లో చూడాలన్న నియమాన్ని ఆఫీసులో రాసి అంటించండి. ఫైలు తెరిచిన ఉద్యోగిని మందలించవద్దని కూడా నా మనవి. ఆ రోజే భయపడకుండా మీకు చెప్పగలిగి ఉంటే నెల రోజుల నష్టం తప్పేది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది; దాని మీదే నడుస్తున్న యంత్రాలుంటే మార్చవలసిందే. క్రాక్ చేసిన విండోస్, క్రాక్ చేసిన అకౌంటింగ్ సాఫ్ట్‌వేరు వేయించుకోవద్దు. క్రాక్ వేసేముందు యాంటీవైరస్ ఆపమని అడుగుతుందంటేనే అది ఏం చేయబోతుందో తెలుస్తోంది. క్లయింట్లు తెచ్చే పెన్‌డ్రైవులను నేరుగా పని యంత్రాలకు తగిలించవద్దు. మన ఊళ్ళోనే, తూర్పు నౌకాదళ కమాండ్ కంప్యూటర్లలోకి పెన్‌డ్రైవుల ద్వారా మాల్‌వేర్ చేరి, ఇంటర్నెట్‌కు సంబంధం లేని యంత్రాల నుంచి ఫైళ్ళను దాచిన ఫోల్డరులో పోగుచేసి, ఆ పెన్‌డ్రైవ్ ఇంటర్నెట్ ఉన్న మరో యంత్రానికి చేరగానే బయటికి పంపిందని 2012లో పత్రికలు రాశాయి. అంత కట్టుదిట్టమైన చోటే జరిగిందంటే మన ఆఫీసుల సంగతి చెప్పనక్కరలేదు. డేటా బ్యాకప్‌ను బయటి డిస్కులో తీసుకుని, తీసిన వెంటనే దానిని ఊడదీసి విడిగా ఉంచండి. ఎప్పుడూ తగిలించి ఉంచిన బ్యాకప్ డిస్కు ట్రోజన్‌కూ అందుబాటులోనే ఉంటుంది.

ఇక మీ అమ్మాయి ల్యాప్‌టాప్. అది ఆఫీసు నెట్‌వర్కుకు కలిసినంత మాత్రాన ట్రోజన్ చేరిందని అనుకోనక్కరలేదు. ఆఫీసు కంప్యూటరు నుంచి పెన్‌డ్రైవు ద్వారా గాని, షేర్డ్ ఫోల్డరు ద్వారా గాని ఫైళ్ళు తెచ్చుకుని తెరిచారా అన్నదే అసలు ప్రశ్న. తెరిచి ఉంటే పైన చెప్పిన ఆఫ్‌లైన్ స్కాన్ చేయించి, అనుమానం తీరకపోతే దానినీ కొత్తగా వేయించండి. కెమెరా పక్కన దీపం వెలగలేదు కాబట్టి ఎవరూ చూడలేదని పూర్తిగా నమ్మకండి. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో దీపం వెలగకుండానే కెమెరాను నడపవచ్చని 2013లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. కెమెరా మీద జరిపే మూతో, చిన్న అంటుకాగితమో పెట్టండి. మైక్రోఫోన్‌కు అలాంటి మూత ఉండదు కనుక, విండోస్ ప్రైవసీ సెట్టింగులలో ఏ ప్రోగ్రాములు దానిని వాడుకుంటున్నాయో చూసి, పాఠాలకు అవసరం లేనివాటికి అనుమతి తీసేయండి. అయితే ఆ అనుమతి సెట్టింగులు మైక్రోసాఫ్ట్ స్టోర్ బయటి నుంచి చేరే ప్రోగ్రాములన్నిటినీ ఆపలేవు కనుక, తరగతి అయిపోయాక ల్యాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేయమనండి. ఎవరైనా ఆమె ఫొటోలు తమ దగ్గర ఉన్నాయని బెదిరిస్తే డబ్బు పంపకుండా, ఆ సందేశాన్ని తొలగించకుండా వెంటనే మీకు చూపించమని, చూపించినందుకు మీరేమీ అనరని ఇప్పుడే ఆమెకు చెప్పండి. ఆ ల్యాప్‌టాప్‌ను ఇకమీదట ఆఫీసుకు తేకండి.